మత్తడి మీద కొత్త వరస

2022 వేసవి. కోదాడలోని ఒక సర్వే సంస్థలో నేను చేరి రెండేళ్లయింది. మునగాల దగ్గర రక్షిత జాబితాలోకి ఎక్కిన ఒక చిన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గుర్తించే పని నాకు అప్పగించారు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం. దానికి లోపలున్న నేలంతా చెరువుదే. అక్కడ ఇల్లుంటే తీసేయాల్సిందే.

నిండిన నీళ్లు పొంగి బయటికి పోయే గోడను అక్కడ మత్తడి అంటారు. దాని పైఅంచే ఎఫ్‌టీఎల్. ఆ అంచు మీద స్టాఫ్, అంటే కొలతలు గీసిన పొడవాటి బద్ద, నిలబెట్టి ఆటో లెవెల్‌లో చూసి అంకె రాసుకోవాలి. ఆటో లెవెల్ మూడు కాళ్ల స్టాండు మీద పెట్టే దుర్భిణి లాంటి పరికరం. తర్వాత అదే మట్టం చెరువు చుట్టూ ఎక్కడెక్కడ వస్తుందో వెతికి రంగు గుర్తు పెట్టాలి. నా జాబితాలో ఆరు పనులు. ఐదింటికి టిక్కులు పడ్డాయి. ఆరోదైన రంగు గుర్తు మల్లమ్మ ఇంటి గోడ మీద పడింది.

మల్లమ్మకు అరవై దాటి ఉంటాయి. రెండు గదుల ఇల్లు, పక్కన గొర్రెల దొడ్డి. ఆమె గడప ఎఫ్‌టీఎల్ కన్నా పన్నెండు సెంటీమీటర్లు కిందికి వచ్చింది.

"ఏంది సారూ, నా గోడకు బొట్టు పెట్టినవ్?"

ఇల్లు చెరువు లోపలికి వస్తోందని చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"కాపురానికొచ్చి నలభై ఏండ్లాయె. చెర్వు ఒక్కనాడు నా కడప తొక్కలే. మత్తడి దుంకినా నీళ్లు గా తుమ్మల కాడ్నే ఆగుతయి."

"పరికరం అబద్ధం చెప్పదు పెద్దమ్మా."

"నీ దుర్భిణి గొడవ నాకెందుకు? కట్టె యాడ నిలబెట్టినవో గది సూపియ్యి."

ఇద్దరం కట్ట వెంట నడిచాం. స్టాఫ్ పెట్టిన చోటు చూపించాను. ఆమె చేతికర్రతో గోడ మీది మట్టి గీకింది.

"గిది మత్తడా! చాపలు దుంకి పోతయని చాపలోళ్లు కట్టిన వరస గిది. రెండేండ్లాయె. అప్పటి సంది చెర్వు నిండనే లేదు. అసల్ మత్తడి దీని కిందున్నది, నల్లరాయిది."

మోకాళ్ల మీద కూర్చుని నేనూ గీకాను. సిమెంటు ఇటుకలు, వాటి కింద నల్లరాయి అంచు. పైన పూత పూసి, మట్టి పట్టడంతో అంతా ఒకే గోడలా కనిపించింది. కొత్త వరస ఎత్తు ముప్పై సెంటీమీటర్లు. రిపోర్టు ఆ సాయంత్రమే పంపాల్సి ఉంది.

ఒకచోట ఇటుకలు ఊడదీసి, స్టాఫ్‌ను నల్లరాయి మీద నిలబెట్టి మళ్లీ మొదటి నుంచి చేశాను. గడప ఎఫ్‌టీఎల్ కన్నా పద్దెనిమిది సెంటీమీటర్లు పైకి వచ్చింది. ఆ చదును నేలలో ఎఫ్‌టీఎల్ గీత చాలా వెనక్కి జరిగి, తుమ్మల దగ్గర పడింది. సరిగ్గా మల్లమ్మ చూపించిన చోటే. ఊపిరి పీల్చుకున్నాను.

"మా గొర్లనడిగినా చెప్తుండె కదా బిడ్డా," అంది మల్లమ్మ, అప్పుడు నవ్వుతూ. "ఇగ నా గోడ మీద బొట్టు తుడువు."

కిరోసిన్ గుడ్డతో ఎంత రుద్దినా కొంచెం మరక మిగిలింది. ఉండనీ అంది.

ఇప్పుడు నా జాబితాలో ఏడు పనులున్నాయి. మొదటిది: పరికరం పెట్టె తెరిచే ముందు, మత్తడి ఏదో ఊరివాళ్లతో చూపించుకోవాలి.