మొదటి కంచం నాకే

పాశమైలారం మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్లే రోజుల్లో, డ్రమ్ములు తూచే కాంటా ఎక్కి బరువు చూసుకోవడం మా ఆడవాళ్లకు ఓ సరదా. నేనెక్కితే మాత్రం "ఖాళీ డ్రమ్మే నయం" అని పగలబడి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. తొలి కాన్పులో నెలలు నిండకుండా పుట్టిన గుప్పెడంత బాబు వారం తిరక్కుండానే పోయాడు. ఆ తర్వాత ఆ కాంటా వైపు చూడబుద్ధి కాలేదు.

సంగారెడ్డి డాక్టరమ్మ నాతో పాటు మా అత్తమ్మనూ కూర్చోబెట్టి చెప్పింది. కడుపు వచ్చాక తినిపిస్తే చాలదట. ముందే ఒంట్లో బలం ఉండాలట. నేను కాస్త బరువు పెరిగాకే ఇంకో బిడ్డ మాట ఎత్తమంది.

మా ఇంట్లో మగవాళ్లు తిన్నాక అత్తమ్మ, ఆమె తిన్నాక నేను. గిన్నె అడుగున మిగిలిందే నా భోజనం. ఆ పూట మాత్రం అత్తమ్మ మొదటి కంచం నా ముందు పెట్టింది. మామ గొంతు సవరించుకున్నాడు.

"ఏందిది? మేం కూసున్నది కనవడ్తలేదా?"

"కనవడ్తంది. జెర ఆగున్రి. ఇంట్ల పసిపిల్ల ఏడుపు వినాల్నంటే ఇగ గిట్లనే."

మామ తన కంచం వచ్చేదాకా ఆగాడు. కానీ వాడకట్టు ఆడవాళ్లు ఊరుకుంటారా? "కడుపే రాలే, అప్పుడే గింత మురిపెమా?" అని ఎత్తిపొడిచారు. అత్తమ్మకు చీమ కుట్టినట్టు కూడా లేదు. పొద్దున జొన్నరొట్టె, గుడ్డు తినేదాకా నన్ను గడప దాటనిచ్చేది కాదు.

"బస్సు పోతది అత్తమ్మా!"

"పోతే ఇంకోటొస్తది. తిను."

మొదట్లో కోపమొచ్చేది, ఏడుపొచ్చేది. పోను పోను ఆకలి వేయడం మొదలైంది.

రెండేళ్లకు పాప పుట్టింది. నర్సు తూచి "బరువు మంచిగుంది" అంటే అత్తమ్మ మురిసిపోతూ పాపను అందుకుంది. అప్పుడు ఆమె రవిక భుజం మీంచి జారింది. ఒకప్పుడు బిగుతుగా ఉండే రవికే అది. ఇన్నాళ్లూ గిన్నె అడుగు ఎవరు తిన్నారో నాకప్పుడు తెలిసింది. కన్నతల్లి కూడా అంత చేస్తుందో లేదో.

ఇంటికొచ్చిన తొలి పూట మొదటి కంచం నేనే ఆమె ముందు పెట్టాను.

"బాలింతవు, నువ్వు తిను బిడ్డా."

"నువ్వు తిన్నంకనే తింట."

ఈసారి మామ గొంతు సవరించుకోలేదు. చాప మీద కాస్త జరిగి ఆమెకు చోటిచ్చాడు.