కంటి కొసలో సముద్రం

ఆయన్ని డిపోలో అందరూ గంతలాయన అనేవాళ్లు. గుర్రానికి కళ్ల పక్కన కడతారే, ఆ గంతలు. బస్సులో జనం జుట్టూ జుట్టూ పట్టుకున్నా, వెనకసీట్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా ఆయన తల మాత్రం పక్కకు తిరిగేది కాదు. ముక్కుసూటి మనిషి అని లోకంలో చాలామందిని అంటారు గాని, ఆ మాట అక్షరాలా చెల్లేది ఈయనొక్కడికే.

ముప్పై ఏళ్లు సముద్రం వెంబడి పోయే ఒకే దారిలో బస్సు నడిపాడు. దారంటే దారా అది! ఒకపక్క కొండ, ఇంకోపక్క మోకాలెత్తు గోడ, గోడకు ఆవల ఇక నేలే లేదు. ఒకచోట కొండను చీల్చి వేసిన ఇరుకు సందు ఉంది. చీకటిగా, చల్లగా ఉండే ఆ సందులోంచి బయటపడి బస్సు మలుపు తిరగ్గానే వెనక జనమంతా ఒక్కసారిగా "అబ్బా!" అనేవాళ్లు. రోజూ వచ్చేవాళ్లూ అనేవాళ్లు. పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్లాలు పోట్లాట ఆపి మరీ అనేవాళ్లు.

ఆ అబ్బా గంతలాయనకు కొట్టినపిండి. దేన్ని చూసి అంటారో మాత్రం తెలియదు. కంటి కొసలో ఏదో నీలంగా మెదిలి పోయేది, అంతే. బస్సెడు ప్రాణాలు చేతిలో పెట్టుకుని తల తిప్పుతాడా ఏమన్నా? మలుపులో ఆగుదామంటే చోటూ లేదు. సెలవు రోజున వెళ్లి చూడొచ్చు కదా అంటారేమో. బాగుంది సంబడం! సెలవు రోజున ఆఫీసుకు వెళ్లి కూచునేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి.

అలాంటి మనిషి ఒకరోజు సొంత వంటింటి గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు. మర్నాడూ అదే గుమ్మం, అదే భుజం. కళ్ల డాక్టరమ్మ ఆయన గడ్డాన్ని ఒక యంత్రానికి ఆనించి, వెలుగు చుక్కలు చూపించి, నీటికాసుల జబ్బని తేల్చింది. "పక్కచూపు ముందు పోతుందండీ. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబడాలంటే మందు చుక్కలు మానకూడదు. ఇక స్టీరింగు మాత్రం ముట్టుకోవద్దు."

"చూశావా," అన్నాడాయన బయటికొచ్చి భార్యతో. "ఇన్నాళ్లూ ఉత్తుత్తినే గంతలాయన అన్నారు. ఇప్పుడు నిజం గంతలే పడుతున్నాయి." నవ్వాడు కూడా. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆమె భుజం వదల్లేదు.

ఆ వారంలోనే అన్నం తింటూ తింటూ ఆగి, "ఆ మలుపులో ఏముంటుందో ఒక్కసారి చూడాలని ఉందే," అన్నాడు. ముప్పై ఏళ్ల సముద్రమంతా ఆయనకు కంటి కొసలోనే ఉంది. ఇప్పుడు పోతున్నది ఆ కొసే.

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. రేపే బస్సెక్కుదాం పదండి," అందామె.

"నా సీట్లో ఇంకొకడు కూచుంటే నేను వెనక కూచోవాలా? నావల్ల కాదు."

"అయితే నేను నడుపుతా."

ఆయనకు పొలమారింది. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. సైకిలు కూడా ఎక్కి ఎరగదు. "కుట్టుమిషను తొక్కే కాలికి బ్రేకు తొక్కడం రాదా ఏం?" అని వెళ్లి డ్రైవింగు స్కూల్లో చేరింది. చేరి, నేర్చి, లైసెన్సు తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. స్కూలువాళ్లు నేర్పింది ఒకెత్తు, ఇంట్లో కుర్చీ ఎదురుగా కుర్చీ వేసుకుని ఈయన నేర్పింది ఒకెత్తు. "కళ్లు దారి మీద! పిడుగు పడ్డా సరే, కళ్లు దారి మీద!"

ఒక తెల్లవారి అద్దెకు తెచ్చిన చిన్న కారులో ఇద్దరూ బయల్దేరారు. పక్క సీట్లో గంతలాయన కుదురుగా కూచుంటే ఒట్టు. లేని బ్రేకును తొక్కీ తొక్కీ కాలికింద రబ్బరు పట్టాను ఉండచుట్టేశాడు. "గేరు! గేరు మార్చు! లారీకి దారివ్వు!"

"ఏమండీ, బస్సులో మీ నెత్తిమీద ఏమని రాసుండేది? డ్రైవరుతో మాట్లాడరాదు అనేగా?"

ఆయన మళ్లీ లేని బ్రేకు మీదికే కాలు పెట్టాడు.

సందు వచ్చింది. సందు దాటింది. మలుపూ తిరిగింది. "చూశారా?" అంది ఆమె. గంతలాయన తెల్లమొహం వేశాడు. కళ్లు వాటంతటవే రోడ్డుకు అతుక్కుపోయాయి! సముద్రం కిటికీలోనే ఉంది, ఈయన మాత్రం రోడ్డు మీద గులకరాళ్లు చూస్తూ కూచున్నాడు. ఆమె ముందుకు పోయి, చోటు చూసి కారు తిప్పి, మళ్లీ సందు ఆవలికి తెచ్చింది. రెండోసారీ అదే తంతు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు," అన్నాడు. "పోనీలే. నాకు రాసిపెట్టి లేదు. ఇంటికి పోదాం."

"ముచ్చటగా మూడోసారి," అని ఆమె మళ్లీ కారు తిప్పింది. "ఈసారి కళ్లు మూసుకోండి."

"మూసుకుంటే ఏం కనబడుతుందే?"

"దారి కనబడదు. అదే కావాలి. ఎప్పుడు తెరవాలో మీకు ఒకరు చెప్పాలా?"

ఆ దారిలో ఆయన ఏనాడూ రెప్ప కూడా తీరిగ్గా వేసి ఎరగడు. అయినా మూసుకున్నాడు. చేతికి సందులోని చల్లదనం తగిలింది. ఇంజను చప్పుడు రెండు గోడలకూ కొట్టుకుని వెనక్కి వచ్చింది. ఇప్పుడు గేరు తగ్గించాలి అనుకున్నాడు, ఆమె తగ్గించింది. ఒళ్లు ఒకపక్కకు ఒరిగింది. చప్పుడు గోడల్లేక విచ్చుకుపోయింది. తల కిటికీవైపు తిప్పి కళ్లు తెరిచాడు.

"అబ్బా!"

అన్నది తనే అని కాసేపటికి గాని తెలియలేదు. సముద్రం కింద ఉంటుందనుకున్నాడు. కాదు, నిలబడి ఉంది! కారు కిటికీలోంచి ఆకాశం దాకా లేచి, ఎక్కడ నీరు అయిపోయిందో ఎక్కడ గాలి మొదలైందో గీత కూడా లేకుండా ఉంది. మబ్బుల నీడలు నీళ్లమీద మెల్లగా నడుస్తున్నాయి. ఒక్కొక్క నీడా ఒక ఊరంత ఉంది. వాటి మధ్య బియ్యపుగింజంత పడవ. రాళ్ల దగ్గర ఆకుపచ్చ, దాటితే నీలం, ఇంకా దాటితే ఆయనకు పేరు తెలియని రంగు. ఇంతటిదా? ఇంతటిదాని పక్కనా తను రోజూ టీ టైముకు డిపో చేరాలని తొందరపడింది? కళ్లు తుడుచుకుంటే ఆ మేరకు చూపు వృథా అని చెంపలమీద నీళ్లు అలాగే కారనిచ్చాడు.

మలుపు అయిపోయింది. కొండ అడ్డొచ్చింది.

"చూశావటే!" అన్నాడు ఊపిరి అందక. "నువ్వు చూశావా?"

"నేనెట్లా చూస్తానండీ? స్టీరింగు నా చేతిలో ఉంటేనూ."

గంతలాయన అప్పుడు ఆమెవైపు తిరిగాడు. మూడుసార్లూ ఆమె తల తిప్పలేదు. మెడ బిగుసుకుని, చూపు రోడ్డుకు గుచ్చి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఉంది. డ్రైవరు మొహం ఎలా ఉంటుందో ఆయన చూడడం అదే మొదలు.

"డ్రైవరుతో మాట్లాడరాదు గాని..." అని ఆగాడు.

"ఫరవాలేదు చెప్పండి," అందామె, దారి మీదనుంచి కళ్లు తీయకుండా. "మొదటినుంచీ చెప్పండి. ఏ రంగు?"