రంపం మామయ్య, పన్నెండు స్క్రూలు

రంపం మామయ్యకి ఈ లోకంలో ఒక్కడంటే ఒక్కడి మీద కూడా నమ్మకం లేదు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ఉన్నవాడి చేతిలో బ్లేడు ఎందుకుందా అని ఒకసారి ఆగి చూసే రకం ఆయన.

కలప డిపోలో ముప్ఫై ఏళ్ళు చెట్లు కోశాడు. రిటైరయ్యాక ఎవరైనా మొక్కలు పెంచుతారు. ఈయన మొక్కలకి శత్రువుల్ని పెంచాడు. పాత మోటారు రంపాలు పోగెయ్యడం మొదలుపెట్టాడు. తాడు లాగితే బర్రుమని లేచి, పళ్ళ గొలుసు గిర్రున తిప్పుకుంటూ మానుని వెన్నముద్దలా కోస్తాయే, అవి. తుక్కు కొట్లో తుప్పుపట్టి పడున్నదాన్ని మోసుకొచ్చి, కిరసనాయిల్లో నానబెట్టి, గీకి, కార్బొరేటర్ కడిగి, రంగేసి, పెళ్ళికొడుకులా తయారుచేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో అలాంటి పెళ్ళికొడుకులు ముప్ఫై ఒక్కమంది.

వాటి మీద చీటీలు అంటించాడు. అన్నిటికన్నా అరుదైన ఏడో నంబరు మీద "తుక్కు" అని రాశాడు. దేనికీ పనికిరాని పంతొమ్మిదో నంబరు మీద "అమూల్యం" అని రాశాడు. దొంగని తప్పుదారి పట్టించడానికట. నెల తిరిగేసరికి ఏది నిజంగా తుక్కో ఆయనే మర్చిపోయి ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. ఆ పుస్తకం దొంగ చేతిలో పడితే? అందుకని అందులోనూ అబద్ధాలే రాశాడు.

షెడ్డు గుమ్మం ముందు రోజూ సుద్దపొడి చల్లేవాడు, కాలి గుర్తులు పడతాయని. ఒకరోజు పొద్దున గుర్తులు పడనే పడ్డాయి. చెప్పు తెచ్చి కొలిచాడు. సరిగ్గా సరిపోయింది.

"ఏమేవ్! ఎవడో నా చెప్పులేసుకుని మరీ వచ్చాడే!"

"వచ్చింది మీరే. పొద్దున్నే చూడ్డానికి వెళ్ళారుగా," అంది అత్తయ్య వంటింట్లోంచి.

"నేను వెళ్ళానని నీకెలా తెలుసు? నామీద నిఘా పెట్టావా?"

అలాంటి ఇంటికి అల్లుడై వచ్చినవాడు కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకున్న ఒక అమాయకుడు. పెళ్ళిచూపులకి వచ్చినరోజే మామయ్య అతన్ని షెడ్డులోకి తీసుకెళ్ళాడు. పిల్లని చూసినదానికన్నా ఎక్కువసేపు రంపాల్ని చూడాల్సొచ్చింది.

"చాలా బాగున్నాయండీ," అన్నాడు, మర్యాదకి.

మామయ్య ఇంట్లోకెళ్ళి అత్తయ్య చెవిలో చెప్పాడు. "కన్ను పడింది."

పెళ్ళయ్యాక రెండోసారి వచ్చినప్పుడు ఎందుకొచ్చిన గొడవని అల్లుడు తలొంచుకుని షెడ్డు పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"చూడనట్టు నటిస్తున్నాడు. ముదురు," అన్నాడు మామయ్య.

అల్లుడికి ఆ ఇంట్లో కావలసింది ఒక్కటే. ఏదో ఒక ఆదివారం జేబులు తడిమించుకోకుండా టీ తాగి ఇంటికి పోవాలి. మూడేళ్ళయినా ఆ ఆదివారం రాలేదు.

ఎందుకంటే షెడ్డులో ఒక చట్టం ఉంది. లోపలికి ఎవరొచ్చినా, కరెంటు మీటరు చూసేవాడైనా, ఉత్తరాలు పంచేవాడైనా, వెళ్ళేముందు బల్ల దగ్గర ఆగాలి. మామయ్య ఒక రేకుడబ్బా బోర్లిస్తాడు. చిన్న చిన్న స్క్రూలు, మినపగింజంత ఉంటాయి, బల్ల మీద చెల్లాచెదరుగా పడతాయి.

"పన్నెండు. మళ్ళీ డబ్బాలో వెయ్యి. ఒక్కొక్కటే. వేళ్ళతో ఏరాలి. గుప్పెట పట్టావో, దొంగవే."

ఏరి వేశాక డబ్బాని ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి లెక్కపెట్టేవాడు.

"పదకొండు. ఒకటి తక్కువ. జేబు చూపించు."

జేబులో ఏమీ ఉండేది కాదు. మామయ్య గోడకున్న పెట్టెలోంచి ఇంకో స్క్రూ తీసి డబ్బాలో పారేసేవాడు. "పోన్లే, ఈసారికి వదిలేస్తున్నా," అనేవాడు. ఒకసారి అత్తయ్యకి జ్వరమొచ్చి డాక్టరు ఇంటికొస్తే, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిన పాపానికి ఆయన చేత కూడా ఏరించాడు. డాక్టరు మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

ఆయన చొక్కాలకి బొత్తాలుండవు. అన్నీ టక్కుమని నొక్కే గుండీలే. అదేమని అడిగితే, "బొత్తం ఊడి ఎక్కడైనా పడితే సాక్ష్యం అవుతుంది," అనేవాడు. పొగలు కక్కే టీ గ్లాసుని గుడ్డ లేకుండా ఉత్త చేత్తో పట్టుకుని ఊదుకుంటూ తాగేవాడు.

"ఏం గట్టి పిండమో చూడండి బాబూ," అనేది అత్తయ్య అల్లుడితో. "ఆ చేతులకి వేడి తెలీదు."

ఇలా ఉండగా ఒక బుధవారం మధ్యాహ్నం నిచ్చెన పరిగెత్తుకుంటూ అల్లుడి కొట్లోకి వచ్చాడు. నిచ్చెన అంటే చెట్లు కొట్టేవాడు. ఆ పొడవు చూసి వీధంతా కలిసి పెట్టిన పేరది. గుమ్మం తగలకుండా వంగి వచ్చి, పైనున్న ఫ్యానుకి తల తగిలించుకున్నాడు.

"మీ మామయ్య నా రంపం లాగేసుకున్నాడన్నా!"

"ఎందుకు?"

"పళ్ళు సాన పట్టమని తీసుకెళ్ళా. పట్టాడు. ఆ దిక్కుమాలిన స్క్రూలు ఏరమన్నాడు. మూడు జారి కిందపడ్డాయి. ఇంకోటి ఏరితే అదీ జారింది. 'దొంగ చేతులు! వణుకుతున్నాయి చూడు! రంపం ఇక్కడ పెట్టి బయటికి నడు, నేను చెప్పేదాకా ఇవ్వను' అన్నాడు. నాది నాకివ్వకపోవడానికి ఆయనెవరన్నా?"

"మరి నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? ఆయన వెనకాల గోడకి ముప్ఫై ఒక్క రంపాలున్నాయి."

సోమవారం పొద్దున బడి గోడ మీదికి వాలిపోయిన ఎండుచెట్టు నిచ్చెన కొట్టాలి. పిల్లలు ఆ గోడ పక్కనుంచే లోపలికెళతారు. సోమవారం కొట్టకపోతే క్రేన్లవాళ్ళని పిలుస్తామని పెద్ద పంతులమ్మ గట్టిగా చెప్పింది. వాళ్ళొక్కసారి గేటు లోపలికొచ్చారంటే ఆ బడి పనులన్నీ ఇక వాళ్ళవే.

"నువ్వు ఇంటి అల్లుడివి. నువ్వైతే తీసుకురాగలవు," అన్నాడు నిచ్చెన.

"తీసుకురావడం అంటే?"

నిచ్చెన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అదే. ఎలాగూ నిన్ను దొంగంటున్నాడు కదా. అన్న మాట ఊరికే పోవడమెందుకు?"

అల్లుడికి ఆ మాట న్యాయంగానే తోచింది. అయినా ముందు మర్యాదగా అడిగి చూశాడు. నిచ్చెన పేరెత్తగానే మామయ్య కళ్ళు చికిలించాడు.

"నీకూ వాడికీ ఏంటి సంబంధం? వాటా ఎంత?" అన్నాడు.

ఇక ఆదివారం మధ్యాహ్నం మామయ్య కుర్చీలో కునుకు తీసే వేళ చూసి అల్లుడు రంగంలోకి దిగాడు. మూడేళ్ళుగా దొంగ పేరు మోస్తున్నవాడు కదా, షెడ్డు గుట్లన్నీ కంఠతా వచ్చు. సుద్దపొడి మీదినుంచి గెంతాడు. గుమ్మానికి కట్టిన దారాన్నీ దానికి వేలాడే ఖాళీ డబ్బాలనూ ఎత్తిపట్టి కిందనుంచి దూరాడు. నిచ్చెన పెరటిగోడ అవతల నిలబడ్డాడు. దాక్కున్నాననుకున్నాడు గానీ, గోడ మీదుగా తల, మెడ, సగం భుజాలు కనిపిస్తూనే ఉన్నాయి.

నిచ్చెన రంపం బల్ల మీదే ఉంది. అయితే అది పాత అవతారంలో లేదు. కడిగి, నూనె పెట్టి ఉంది. పిడి ఊడదీసి మళ్ళీ బిగించి ఉంది. పిడికీ ఇంజనుకీ మధ్య, ఇదివరకు ఇనుముకి ఇనుము ఆనుకుని ఉన్నచోట, నల్లటి రబ్బరు దిమ్మలు నాలుగు కూర్చున్నాయి.

ఎక్కడివా అని అల్లుడు చుట్టూ చూశాడు. "తుక్కు" అని రాసున్న ఏడో నంబరు రంపం, మామయ్య ప్రాణం, పక్కనే పిడి ఊడి వేలాడుతోంది. దాని దిమ్మలుండే చోట నాలుగు ఖాళీ గుంటలు. ఆ దిమ్మల కోసమే మామయ్య ఏడాదిపాటు తుక్కు కొట్లన్నీ గాలించాడు. అలాంటివి ఇప్పుడు ఎక్కడా తయారు కావు.

అల్లుడికి అనుమానం వచ్చింది. ఆ ఇంట్లో అనుమానం మామయ్యకి కాకుండా ఇంకొకరికి రావడం అదే మొదటిసారి.

అనుమానిస్తూనే రంపం ఎత్తి చంకన పెట్టుకున్నాడు. వెనక కుర్చీ కిర్రుమంది.

"చెప్పానా!"

మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహంలో కోపం లేదు. లాటరీ తగిలినవాడి వెలుగుంది.

"ఏమేవ్! దొరికాడే! మూడేళ్ళకి దొరికాడు! నేను చెప్పలా? టీ పెట్టు, నలుగురికీ పెట్టు! గోడ వెనకాల ఒక నిచ్చెన కూడా ఉంది!"

నిచ్చెన తల గోడ కిందికి దిగింది. మళ్ళీ లేచింది. ఇక చేసేదేం లేక మనిషే గోడ దాటి వచ్చాడు.

"తాడు లాగు," అన్నాడు మామయ్య.

"నేనా?"

"నీ రంపమేగా. లాగు."

నిచ్చెన రంపాన్ని నేలకానించి, కాలితో తొక్కిపట్టి లాగాడు. బర్రుమంది. రెండు చేతులా పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాడు. అతని మొహం కొద్దికొద్దిగా మారిపోయింది. ఇంజను ఆపేశాడు.

"చేతుల్లో చీమలు పాకుతున్నాయా?" అన్నాడు మామయ్య.

"లేదు మామయ్యా. ఇదివరకు..." నిచ్చెన ఆగాడు. "చీమల సంగతి నీకెలా తెలుసు? నా పెళ్ళానికి కూడా చెప్పలేదు."

"పొద్దున చన్నీళ్ళు తగిలితే వేళ్ళ చివర్లు సున్నం కొట్టినట్టు తెల్లబడుతున్నాయి. అవునా?"

"నువ్వు మా ఇంటిమీద కూడా నిఘా పెట్టావా?"

అల్లుడు బల్ల మీది రేకుడబ్బా వంక చూశాడు. తన కొట్లో గోడకి ఒక అట్ట ఉంటుంది. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. "ఈ వరస చదవండి" అంటాడు తను. చదువు వచ్చా రాదా అని కాదు. ఎక్కడ తడబడతారో చూడ్డానికి.

"ఇది లెక్క కాదు కదా మామయ్యా," అన్నాడు మెల్లిగా. "స్క్రూలు పోవడం గురించి కాదు. వేళ్ళకి తెలుస్తోందా లేదా అని. కిందపడే చప్పుడు కోసం వింటున్నారు."

"ఎవరు చెప్పారు నీకు?"

"నాదీ అదే వ్యాపారం."

ఇంతలో అత్తయ్య టీ తెచ్చింది. మామయ్య ఒక గ్లాసు ఉత్త చేత్తో తీసి అల్లుడికి అందించాడు. అల్లుడు అందుకుని, "అబ్బా!" అని వెంటనే బల్ల మీద పెట్టేశాడు. మామయ్య చేతివంక చూశాడు. బొత్తాల్లేని చొక్కా వంక చూశాడు.

"మీవి ఎన్ని పోయాయి?"

"ఏవి?"

"వేళ్ళు."

"ఏంపోలేదు. లెక్కపెట్టుకో, పది."

"ఉన్నాయి సరే. తెలుస్తున్నాయా?"

మామయ్య విడిపోయిన గుండీ ఒకటి టక్కుమని నొక్కుకున్నాడు. "మూడు తెలుస్తున్నాయి. తక్కినవి అద్దెకున్నవాళ్ళలాగే. ఉంటాయి, పిలిస్తే పలకవు. ముప్ఫై ఏళ్ళు ఇలాంటి వణుకుడు రంపాలు పట్టుకుంటే అంతే."

"మరి ఆ ముక్క చెప్పొచ్చుగా? దొంగా గింగా అని ఈ గోలెందుకు?" అన్నాడు నిచ్చెన.

"చెప్తే వింటావా నువ్వు? డిపోలో డాక్టరు నాకు చెప్పాడు. కాస్త ఆగి ఆగి కొయ్యవయ్యా, వేళ్ళు పోతాయి అన్నాడు. నేనేమన్నానో తెలుసా? నవ్వాను. 'నాకేంటి, ఇనప పిండాన్ని' అన్నాను. నీ వేళ్ళు బాగాలేవంటే ఏ మొనగాడూ రంపం దించడు. దొంగవంటే మాత్రం రోషం వచ్చి ఇక్కడే విసిరేసి పోతాడు. అప్పుడు వణుకు చేతికెక్కకుండా దిమ్మలు బిగించడానికి నాకు నాలుగు రోజులు దొరుకుతాయి."

అత్తయ్య మిగతా గ్లాసులు బల్ల మీద పెట్టేసింది. "ఇన్నేళ్ళూ గట్టి పిండం అనుకున్నానే," అంది. లోపలికెళ్ళి ఒక గుడ్డ తెచ్చి ఆయన గ్లాసుకి చుట్టింది. "పట్టుకోండి. తెలియకపోయినా కాలుతుంది."

"ఇందులో ఏం దాచావ్?" అని మామయ్య గుడ్డ విప్పి చూశాడు.

నిచ్చెనకి షరతులు పెట్టాడు. గంట కోస్తే పావుగంట ఆగాలి. చేతికి తొడుగులుండాలి. ప్రతి శనివారం వచ్చి స్క్రూలు ఏరాలి. ఒక్కటి జారినా రంపం మళ్ళీ జప్తు. సోమవారం పొద్దున బడిగోడ మీదనుంచి చెట్టు దిగింది. నిచ్చెన గంటకోసారి రంపం ఆపి, చేతులు దులుపుకుంటూ కూర్చున్నాడు. గేటు బయట సైకిలు మీద కూర్చుని, నేలకి కాలానించి మామయ్య గడియారం చూసుకుంటూ ఉన్నాడు. పావుగంటంటే నమ్మకం ఏంటి మరి.

ఇక మిగిలింది అల్లుడి ఇంకో అనుమానం. ఎవరు ఏరినా మామయ్య లెక్కకి పదకొండే ఎందుకొస్తాయి? పై ఆదివారం తన కొట్లోని అట్ట తెచ్చి షెడ్డు గోడకి తగిలించాడు.

"ఈ వరస చదవండి మామయ్యా."

"ఎందుకు? నాచేత ఏం ఒప్పిద్దామని?"

"పై అక్షరం ఒక్కటి చెప్పండి."

మామయ్య ఒక కన్ను మూశాడు. తర్వాత రెండోది మూశాడు. తర్వాత అట్ట వెనక ఏముందో ఎత్తి చూశాడు. చివరికి "మ" అన్నాడు. అది "ప".

అల్లుడు జేబులోంచి కళ్ళజోడు తీసి ఆయన ముక్కు మీద పెట్టాడు. మామయ్య షెడ్డంతా కలియజూశాడు. గుమ్మంలో ఉన్న అత్తయ్యని చూసి ఒక్క క్షణం ఆగాడు.

"ఏమే, నువ్వేనా?"

"ఇన్నాళ్ళబట్టీ ఎవరనుకుంటున్నారు?"

మామయ్య రేకుడబ్బా అందుకుని బల్ల మీద బోర్లించాడు. కళ్ళజోడులోంచి వంగి చూస్తూ, పలకని వేళ్ళతో ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. అయ్యాక మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. మెల్లిగా తలెత్తి, కళ్ళజోడు పైనుంచి అల్లుడి వంక చూశాడు.

"పంతొమ్మిది," అన్నాడు. "ఏడు ఎక్కువ. అల్లుడూ, ఎవరి షెడ్డు దోచుకొచ్చావ్?"

అల్లుడు అలవాటు ప్రకారం రెండు జేబులూ బయటికి లాగి నిలబడ్డాడు.