వెనిస్ వంతెనను తట్టి చూశాను

వెనిస్ వెళ్లాలన్న కోరిక నాది కాదు, మా ఆవిడ సమ్మక్కది. ఎప్పుడో టీవీలో ఇళ్ల మధ్య పడవలు తిరిగే ఊరిని చూసి మనసు పారేసుకుంది. "వానకాలం మన క్వార్టర్ల ముందట గిట్లనే ఉంటది గద" అన్నానని ఒక పూటంతా మాట్లాడలేదు. భూపాలపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు దిగి రిటైరయ్యాక, ఆ పడవ ఎక్కిస్తానని మాటిచ్చాను.

తెల్లవారుజాము బస్సుకు హైదరాబాద్ చేరి, అక్కడ విమానమెక్కి, మధ్యలో ఒకటి మారి మిలాన్‌లో దిగాం. మా టూరు బృందంలో రఘునాథపల్లిలో ఎరువుల దుకాణం నడిపే వెంకటన్న కలిశాడు. మర్నాడు ఎనిమిది గంటల రైలు పదిన్నరకల్లా వెనిస్ చేర్చింది. స్టేషన్ మెట్లు దిగితే రోడ్డు లేదు, కాలువే. ఆటో లేదు, హారన్ లేదు. సిటీ బస్సు కూడా పడవే. వెళ్లేవారికి ఒక మాట: పెద్ద సూట్‌కేసు మిలాన్ హోటల్లోనే వదలండి. ఇక్కడ ప్రతి వంతెనా ఎక్కి దిగాల్సిందే. నేను మోసి తెలుసుకున్నాను.

పిజ్జా మీద వెల్లుల్లి కారం చల్లుకుని భోజనం ముగించి, మూడింటికి పడవ రేవుకు వచ్చాం. చారల చొక్కా తొడుక్కున్న పడవవాడు చెయ్యందించాడు. సమ్మక్క మాత్రం మెట్టు మీదే ఆగిపోయింది.

"గింత దూరమొచ్చింది గిందుకే గద వదినా! నీళ్లకు భయమా?" అన్నాడు వెంకటన్న.

"చలివాగుల ఈత కొట్టినదాన్ని, నీళ్లకేం భయం? గా వంతెన చూడు. కిందంత నెర్రెలు వారింది. గా కప్పు కిందికి నేను రాను."

నాకు నవ్వు రాలేదు. బాయిలో కప్పు కూలిందన్న కబురు వచ్చినప్పుడల్లా గేటు దాకా పరుగెత్తిన మనిషి ఆమె. "మా కప్పు గట్టిగుంది" అని చెప్పి ప్రతిసారీ ఇంటికి తీసుకొచ్చేవాణ్ని. సాయంత్రమే మా తిరుగు రైలు. ఇప్పుడు ఎక్కకపోతే ఆ కోరిక ఇక తీరదు.

బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో తట్టి వింటాం. ఖంగుమంటే గట్టి, డొల్లగా మోగితే పరుగే. నేను నీళ్ల దగ్గరి మెట్టుకు దిగి, గొడుగు కొనతో వంతెన అడుగును తట్టాను. ఒకచోట, ఇంకోచోట. పడవవాడు "నో, నో!" అని అరిచాడు. ఊరికి ఫొటోలు తీస్తున్నవాళ్లు నాకు తీయడం మొదలుపెట్టారు. నా చెవి మాత్రం కప్పు మీదే ఉంది.

"గట్టిగుంది. దా."

సమ్మక్క నా చెయ్యి పట్టుకుని ఎక్కి కూర్చుంది.

వంతెన కింద అందరం తలలు వంచాం. కాసేపు చీకటి, మళ్లీ వెలుగు. ఆమె నా చెయ్యి వదల్లేదు.

"రోజూ గిట్లనే పోయేటోనివా?"

"గింతకన్న చీకటి."

"గప్పుడే చూసుంటె నిన్ను పోనిత్తునా?"

తర్వాతి వంతెనలన్నిటి దగ్గరా ఆమె పైవాళ్లకు చెయ్యూపుతూనే ఉంది. అందాల సంగతి ఎవరైనా చెబుతారు. నా మటుకు వెనిస్ అంటే ఆ ఊగే చెయ్యే.

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ నుంచి బస్సెక్కాం. జనగామ దాటాక వాన దంచింది. బస్సు టాపు దడదడలాడుతుంటే సమ్మక్క గొడుగు నా చేతికిచ్చింది. "జర తట్టి చూడు."

తట్టాను. రేకు డొల్లగా మోగింది.

"గట్టిగుంది" అన్నాను.

"ఇన్నేండ్లు గిట్లనే చెప్పినవా?" అని నవ్వి, నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.