కేక చివర

మంగినపూడి నుంచి ఆటోలో వచ్చి చిలకలపూడి వీధుల్లో చేపలమ్మే కొండమ్మకు నోటితో అబద్ధమాడటం వచ్చు, గొంతుతో రాదు. ఎవరు అడిగినా "తాజావే" అంటుంది. కానీ "చేపలమ్మో" అనే కేకలో చివరి దీర్ఘం పైకి లేస్తే అవి పొద్దున పడవలో వచ్చినవి, కిందికి జారితే ఐసుపెట్టెలోవి. ఆ జారుడు వింటే వీధిలో ఆడవాళ్లు తలుపు తియ్యరు. నిన్న ఆమెకు ఒళ్లు కాలిపోయే జ్వరం. కేక వీధి పొడుగునా జారుతూనే పోయింది. ఎండెక్కింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చివరి ఇంటి అరుగు మీద తట్ట దించి, మోకాళ్లు పట్టుకుని కూలబడింది. అక్కడ రోల్డుగోల్డు గాజులకు రాళ్లు అతికిస్తున్న మాధవి తలెత్తింది.

"ఇవాళ ఐసువేగా పిన్నీ?"

కొండమ్మ ఒక కానాగంత చేప మొప్ప ఎత్తి చూపించింది. లోపల ఎర్రగా ఉంది. "చేపలు బానే ఉన్నాయమ్మా, నేనే బాలేను. ఇంకో గంటుంటే ఇవీ పాడైపోతాయి."

మాధవి వీధిలోకి వెళ్లి, అచ్చం ఆమెలాగే దీర్ఘం పైకి లేపి అరిచింది. నాలుగు తలుపులు తెరుచుకున్నాయి.

కత్తిపీట ముందుకు లాక్కుంటూ కొండమ్మ అంది: "బానే అరిచావే. ఐసు చేపలు తెచ్చిన రోజు మాత్రం నేనే అరుస్తాలే. ఆ జారుడు నీకు రాదు."