ట్యాంకరు పైపు పట్టుకుని నిలబడిన మా అత్త

మా మేనత్త మొన్న మంగళవారం పోయింది. పొద్దున అరుగు మీద కూర్చుని శెనక్కాయలు వలుస్తూ అలాగే ఒరిగిపోయిందట. తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, అత్త ల్యాదు" అన్నాడు. వెంటనే అత్తకే ఫోన్ చేసి ఏమైందో అడుగుదామనిపించింది. ఇన్నేళ్లూ ఊరి సంగతి ఏదైనా నాకు చెప్పింది ఆమే.

రాప్తాడు దగ్గరి పల్లెలో, చిన్న వయసులోనే భర్త పోయినా సేద్యం వదలని మనిషి. గొంతు పెద్దది. వక్కాకు ఒక బుగ్గకు తోసుకుని, "ఏమప్పా, తిన్నావా?" అని అడిగాకే ఇంకో మాట.

కొన్నేళ్ల కిందట హైవే పక్కన, ఆమె బీడు చేలో గుడారాలు వెలిశాయి. బర్మాలో ఇళ్లు తగలబడితే ప్రాణాలతో బయటపడి, మన దేశంలో ఆశ్రయం కోరుతున్న కుటుంబాలవి. పాత ప్లాస్టిక్ ఏరి అమ్ముకునేవాళ్లు. అత్త వాళ్లను పొమ్మనలేదు. ఎండాకాలం ఊరి బోర్లు ఎండాక అసలు గొడవ మొదలైంది. నీళ్ల ట్యాంకరు దగ్గర వాళ్ల బిందెలను పక్కకు నెట్టేశారు.

"మనకే నీళ్లు ల్యావు. యాడోళ్లకో పోసేదేంది?" అన్నాడు అత్త మరిది, అందరి ముందూ.

అప్పుడు నేనక్కడే ఉన్నాను. అత్త విసురుగా వచ్చి ట్యాంకరు పైపు పట్టుకుంది.

"కరువొస్తే మనం బెంగుళూరు పోతాం, వానొస్తే మళ్లా వస్తాం. వీళ్లకు మళ్లా పోయేకి ఊరే ల్యాకపాయె. వీళ్ల బిందెలు నిండేదాకా నా బిందె పెట్టను."

ఎవరూ వినలేదు. ఆమె ఖాళీ బిందెతోనే ఇంటికి వెళ్లింది. తర్వాతి ట్యాంకరుకూ అంతే. ఆపైన పక్కింటామె కూడా తన బిందె వెనక్కి తీసుకుని అత్త పక్కన నిలబడింది. మెల్లగా వీధి ఆడవాళ్లంతా చేరారు. గుడారాల ఆడవాళ్లను వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్లారు. చివరికి ట్యాంకరు గుడారాల దగ్గర కూడా ఆగింది. ఆ పిల్లలు అంగన్‌వాడీకి రాసాగారు.

మరిది మాత్రం అత్తతో మాటలు మానేశాడు. "నా చేతి ముద్దలు తిని పెరిగినోడప్పా" అని ఆమె ఒకసారి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నీకెందుకత్తా ఈ తంటా?" అన్నాను.

"దప్పికని వచ్చినోళ్లను 'నువ్వెవురు' అని అడిగేకి నాకు నోరు రాల్యా" అంది.

ఆ గొంతు మళ్లీ ఒక్కసారి వినాలని ఉంది. తిట్టినా సరే.

మంగళవారం నేను ఊరు చేరాక, సాయంత్రం పాడె హైవే పక్కగా సాగుతుంటే గుడారాల ఆడవాళ్లు రోడ్డు అంచున నిలబడి ఉన్నారు. దగ్గరికి రావడానికి జంకుతున్నారు. పాడె ముందుకొమ్ము మోస్తున్న మరిది ఆగాడు.

"కొంచెం దించండప్పా. వాళ్లనీ చూసుకోనీండి" అన్నాడు.

ఒక్కొక్కరే వచ్చి ఆమె పాదాలు ముట్టుకున్నారు. మళ్లీ పాడె లేచింది. కొంత దూరం పోయాక నేను వెనక్కి తిరిగి చూశాను. తల్లి చంకలో ఉన్న ఓ చిన్నపిల్ల, బస్సెక్కి ఊరికి పోయేవాళ్లకు ఊపినట్టు, మా వైపు చెయ్యి ఊపుతూనే ఉంది.