రోసిలి టీచర్ చద్దన్నం పుస్తకం

రోసిలి టీచర్ కంటే ముందు ఆమె గొంతు బడికి చేరేది. గేటు బయట చేపల బండివాడితో బేరం, మెట్ల మీద ఎవరో పిల్లాడి ముక్కు తుడుస్తూ చీవాట్లు, స్టాఫ్ రూములో అడుగుపెడుతూనే భర్త పౌలీ మీద ఫిర్యాదు, అన్నీ ఒకే ఊపిరిలో సాగేవి. వయసులో నాకంటే పెద్దది. నేను చేచ్చీ అని పిలిచేదాన్ని. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. మావి పక్కపక్క తరగతులు. మధ్య గోడ పైకప్పుదాకా లేదు కాబట్టి ఆమె పాఠం నా పిల్లలూ వినేవారు, నా పాఠం వదిలేసి మరీ.

మాది కేరళలో పెరుంబావూరు పక్కన ఓ చిన్న ప్రభుత్వ బడి. చుట్టూ ప్లైవుడ్ ఫ్యాక్టరీలు. ఎక్కడ కాస్త ఖాళీ జాగా ఉన్నా పల్చటి చెక్క పొరలు అప్పడాల్లా ఎండుతుంటాయి. మా ఊరి పిల్లలు ఇంగ్లీషు మీడియం బస్సులెక్కి వెళ్ళిపోగా మిగిలిన బెంచీల్లోకి ఆ ఫ్యాక్టరీ పనివాళ్ళ పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఒకరిది బెంగాల్‌లో ముర్షిదాబాద్, ఒకరిది ఒడిశాలో గంజాం, ఇంకొకరిది అస్సాం. సగం తరగతికి మలయాళం బడి భాషే తప్ప ఇంటి భాష కాదు.

మా బడిలో లైబ్రరీ అంటే రెండు ఇనుప బీరువాలు. వాటి బాధ్యత ఎవరూ తీసుకోకపోతే చేచ్చి నెత్తిన పడింది. "పోనీలే, పుస్తకాలు ఎదురు మాట్లాడవు. పౌలీ కంటే నయం" అంటూ తాళంచెవులు నడుముకు దోపుకుంది.

ఆ ఏడు ఆమె ఏదో శిక్షణకు వెళ్ళివచ్చింది. తర్వాత కొన్నాళ్ళకు ఒక అట్టపెట్టె నిండా బొమ్మల పుస్తకాలు వచ్చాయి. రకరకాల మనుషులు, రకరకాల బతుకులు పిల్లలకు తెలియాలని వేసిన పుస్తకాలట. చేచ్చి సంబరం చెప్పనలవి కాదు. కొత్త కాగితం వాసన చూస్తూ, పిల్లలందర్నీ నేలమీద గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్క బొమ్మా తిప్పి చూపించింది.

అందులో ఒకటి మన దేశం గురించి. పేజీకొక రాష్ట్రం. బెంగాల్ పేజీలో ఎర్రంచు తెల్లచీర కట్టుకుని, చేతిలో రసగుల్లాల కుండ పట్టుకుని ఒకావిడ నవ్వుతోంది. వెనక చెట్ల మధ్య పులి.

ముందు వరసలో తంజిలా కూర్చుని ఉంది. ముర్షిదాబాద్ పిల్ల, మూడో తరగతి. బడిలో చేరి నెలలవుతున్నా తరగతిలో నోరు విప్పలేదు. ఆటల్లో మాత్రం మలయాళంలో తిట్టేంత వచ్చు.

"ఇదిగో మోళే, మీ ఊరి ఆవిడ" అంది చేచ్చి. మోళే అంటే అమ్మాయీ అని.

తంజిలా బొమ్మ వంక తేరిపార చూసింది. "కాదు" అంది.

ఆ ఒక్క మాటకు పిల్లలంతా తంజిలా వైపు తిరిగారు. గోడకివతల నేనూ సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాను.

"కాదా? మరి మీ ఊళ్ళో ఆడవాళ్ళు ఎలా ఉంటారు?"

"మా అమ్మ నైటీ వేసుకుంటది. దాని మీద మా నాన్న చొక్కా వేసుకుని ఫ్యాక్టరీకి పోతది. మాకు పులి లేదు."

"రసగుల్లా?"

"ఎవరిదైనా పెళ్ళయితే ఉంటది" అంది తంజిలా, కాస్త ఆలోచించి.

ఇంతలో అనఘ అనే మా ఊరి పిల్ల చేయి చాపి చరచరా పేజీలు తిప్పింది. కేరళ పేజీలో పచ్చరంగు ముఖం, కిరీటం, గుడారమంత పావడాతో కథకళి వేషగాడు. "టీచరే, అయితే ఇది మా నాన్నా?" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది చేచ్చి. "నా పౌలీ ఈ అవతారంలో ఇంటికొస్తే నేను వెనక తలుపు తీసుకుని పారిపోతా!"

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండానే ఆ పుస్తకం నా ముందు పెట్టింది.

"రసియా, ఇవి మనుషుల పుస్తకాలు కావే, వేషాల పుస్తకాలు."

"అన్నీ అలాగే ఉన్నాయా చేచ్చీ?"

"లేవు. చక్రాల కుర్చీలో తిరిగే పిల్లాడిది ఒకటుంది చూడు, అది బంగారం. కిటికీ పక్క చోటు కోసం చెల్లెలితో కొట్టుకుంటాడు. మళ్ళీ చదవమని ప్రాణాలు తీశారు. పోట్లాడేవాణ్ణి పిల్లలు నమ్ముతారు. ఊరికే నవ్వుతూ నిలబడ్డవాణ్ణి ఎవరు నమ్ముతారు?"

ఆమెకు ఆ సంగతి అంతగా ఎందుకు పట్టిందో నాకు తెలుసు. చేచ్చి చిన్నతనం బొంబాయిలో గడిచింది. తండ్రి అక్కడ బట్టల మిల్లులో చేసేవాడు. మరాఠీ బడిలో ఆమెను పేరుతో ఎవరూ పిలవలేదు, అందరికీ మద్రాసీయే. మిల్లు మూతపడి కాలడి దగ్గర సొంత ఊరికి వచ్చాక ఇక్కడి పిల్లలకు బొంబాయి పిల్ల అయింది. మలయాళం అక్షరాలు రాక తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చుంది. "అక్కడి వాచకంలో మా ఇల్లు లేదు, ఇక్కడి వాచకంలోనూ లేదు. అసలు మేం ఉన్నామా లేమా అని నాకే అనుమానం వచ్చేదే" అని నవ్వుతూ చెప్పేది.

మరుసటి రోజు పిల్లల్ని ఒక్కటే అడిగింది: "పొద్దున ఏం తిన్నారు?"

ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే తెలిసింది, చాలామంది తిన్నది ఒకటే. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్నే తినే చద్దన్నం. అనఘ పళంకంజి అంది. తంజిలా పాంతా భాత్ అంది. గంజాం నుంచి వచ్చిన దుష్మంత పఖాళ అన్నాడు. అస్సాం పిల్లలు పొయితా అన్నారు. చేచ్చి తొడ చరుచుకుంది. "అయితే పుస్తకం మనమే వేద్దాం. పులులూ కిరీటాలూ వద్దు, చద్దన్నం చాలు."

ఇళ్ళ నుంచి అమ్మల్ని పిలిచింది. షిఫ్టు దిగి తంజిలా తల్లి మోర్జినా వచ్చింది, నైటీ మీద చొక్కాతోనే. తలలో చెక్కపొట్టు. స్టీలు గిన్నెలో అన్నం, నిప్పుల మీద కాల్చిన ఎండుమిర్చి, ఉల్లిపాయ, ఉడికించి మెదిపిన ఆలుగడ్డ తెచ్చింది. పైన ఆవనూనె ధారగా పోసింది.

మా ఊరి పిల్లలు ముక్కులు మూసుకున్నారు. "ఛీ, జలుబు మందు వాసన!"

"మీరు కూరలో కొబ్బరినూనె పోస్తారుగా! అది తలకు రాసుకునేది!" అని తిరగబడ్డాడు దుష్మంత.

నేనైతే గదమాయించి కూర్చోబెట్టేదాన్ని. చేచ్చి సుద్దముక్క తీసుకుని ఆ రెండు మాటలూ బోర్డు మీద రాసింది. "ఇవీ పుస్తకంలో వేద్దాం."

"అదేంటి చేచ్చీ, గొడవలు కూడానా?" అన్నాను.

"నచ్చనిది నచ్చిందని రాస్తే మళ్ళీ ఆ పులి బొమ్మే అవుతుంది. ముక్కు మూసుకోనీ. కానీ ఒక్క ముద్ద తిన్నాకే మూసుకోవాలి, అదీ రూలు."

తిన్నారు. కొందరు ఉమ్మేశారు. అనఘ మాత్రం గిన్నె అడుగుదాకా నాకి, మిర్చి మంటకు బడి చుట్టూ పరిగెత్తింది.

పిల్లలే బొమ్మలు వేశారు. ప్రతి ఇంటి మాటా ఆ ఇంటి భాషలో ఒకసారి, కింద మలయాళంలో ఒకసారి రాశారు. తంజిలా తండ్రి ఫ్యాక్టరీలో పనికిరాదని పారేసిన చెక్క పొరలు తెస్తే అవి అట్టలయ్యాయి. కొబ్బరి పీచు తాడుతో కుట్టారు. బెంగాలీ రాయడానికి తంజిలాను పిలిస్తే, తన భాష అక్షరాలు తనకు రావని ఆ పిల్ల తల వంచుకుంది. మోర్జినాకూ రావు. చివరికి ఫ్యాక్టరీ లారీ డ్రైవరొకడు రాసిపెట్టాడు. ఆ రోజు నుంచి చేచ్చి తంజిలాతో పాటు బెంగాలీ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. ఇద్దరిలో చేచ్చి రాతే వంకరగా ఉండేది.

ఇదంతా కొందరికి నచ్చలేదు. అనఘ తండ్రి బాహులేయన్ తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షుడు, టైర్ల కొట్టు మనిషి. ఒకరోజు విసవిసా వచ్చాడు.

"టీచరే, మా పిల్ల ఇంట్లో 'పానీ ఖాబో' అంటోంది. నేను వేసింది మలయాళం బడిలోనా, బెంగాలీ బడిలోనా?"

"నీళ్ళు ఇచ్చారా?"

"ఇచ్చాం."

"తాగిందా?"

"తాగింది."

"మరింకేం బాహులేయా! ఏ భాషలో అడిగినా తడిసేది ఆ గొంతే కదా."

అతను నవ్వలేదు. "మీకు అన్నీ హాస్యమే. ఏడాది చివర్లో పరీక్ష రాసేది చద్దన్నం మీదా?" అని నేరుగా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళాడు. అతని భయమూ అర్థం లేనిది కాదు. ఉన్న కొద్దిమంది ఊరి పిల్లలూ వెనకబడతారనే మాట టీకొట్లో నలుగురూ అంటూనే ఉన్నారు. హెడ్మాస్టరు సార్ మెత్తని మనిషి. పరీక్షలయ్యేదాకా లైబ్రరీ పీరియడ్ లెక్కలకు ఇచ్చేయమన్నాడు.

ఆ సాయంత్రం చేచ్చి స్కూటర్ తియ్యకుండా దాని మీద ఊరికే కూర్చుంది. "ముసలితనంలో నాకెందుకే ఈ పిచ్చి? పాఠం చెప్పి ఇంటికి పోతే పోయేది కదా" అంది. ఆమె గొంతు అంత చిన్నగా పలకడం నేను ఎప్పుడూ వినలేదు. నేను పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఆవిడే తేరుకుని, "మధ్యాహ్నం అన్నాలప్పుడు చేస్తే ఎవడాపుతాడు?" అంటూ కిక్కు కొట్టింది.

అన్నాల వేళకు మారిన పుస్తకం ఇంకా జోరందుకుంది. ఒకరోజు అనఘ దాన్ని ఇంటికి పట్టుకెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం గొడుగునే కర్రలా ఊతపట్టుకుని బాహులేయన్ తల్లి దాక్షాయణమ్మ బడికి వచ్చింది.

"ఈ బొమ్మ వేసిందెవత్తె?" అంది, పుస్తకం ఊపుతూ.

"నేనే నానమ్మా" అంది అనఘ, బెదురుగా.

"కంజి పక్కన కాంథారి మిరపకాయేదీ? చేపల పులుసు అడుగేదీ? ఇది మన ఇల్లేనా? నా పరువు తీశావు కదే!"

అక్కడే నేలమీద చతికిలబడి, రంగుపెన్సిల్ తెప్పించి, మిరపకాయ ఎక్కడుండాలో వేలితో చూపించి మరీ వేయించింది. అప్పుడే షిఫ్టు దిగి మోర్జినా తంజిలా కోసం వచ్చింది. ముసలావిడ ఆమె పేజీ తిప్పి చూపిస్తూ, అన్నంలో పెరుగు ఎందుకు వెయ్యవని మలయాళంలో నిలదీసింది. మోర్జినా బెంగాలీలో ఏదో గట్టిగా చెప్పింది. ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాలేదు. అయినా వాదన ఆగలేదు. మధ్యలో తంజిలా నిలబడి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేస్తూ చెమటలు కక్కింది. ఆ బొమ్మల పుస్తకం రోజు తప్ప తరగతిలో నాలుగు మాటలు కలిపి మాట్లాడని పిల్ల!

తల్లిని వెతుక్కుంటూ వచ్చిన బాహులేయన్ వాకిట్లో ఆగిపోయాడు. "అమ్మా, పద ఇంటికి."

"ఆగరా. ఈ పిల్లతో పెరుగు సంగతి తేలాలి."

అతను తలగోక్కున్నాడు. చేచ్చి వంక చూసి, "టీచరే, పోయినేడు నాన్న పోయాక ఈవిడ ఇంట్లో ఇన్ని మాటలు మాట్లాడలేదు" అన్నాడు. అంతే. పీరియడ్ గురించి ఏమీ అనలేదు. కానీ వారంలో రెండు రోజులు కొట్టు బండిలో తల్లిని బడి దగ్గర దించిపోయేవాడు. పరీక్షల తర్వాత లైబ్రరీ పీరియడ్ తిరిగి వచ్చినప్పుడు కమిటీలో ఎవరూ నోరెత్తలేదు.

తంజిలా మలయాళం చదవడం ఆ పుస్తకంతోనే నేర్చుకుంది. ముందు తమ ఇంటి పేజీ, ఆ తర్వాత అనఘది, ఆ తర్వాత అన్నీ. వాచకం చేతికిస్తే తడబడేది. ఇదైతే పాటలా చదివేది.

వర్షాలు మొదలై బడి తెరిచిన కొత్తలో తండ్రికి కోయంబత్తూరు దగ్గర వేరే పని దొరికింది. చెప్పాపెట్టకుండా సామాను కట్టేశారు. వెళ్ళే రోజు తంజిలా బడికి వచ్చి బీరువా దగ్గర నిలబడింది. చేచ్చి తాళం తీసి, ఆ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. ఉన్నది ఆ ఒక్క ప్రతే. హెడ్మాస్టరు సార్ లబలబలాడాడు, "అది బడి ఆస్తి కదా టీచరే!" అని.

"అది వాళ్ళ ఇల్లు సార్. ఇల్లు వదిలి పొమ్మంటామా?" అంది చేచ్చి. అని, స్టాఫ్ రూములోకి వచ్చి నా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తన కొంగు ఉండగా నాదెందుకని నేను అడగలేదు.

పిల్లలు మళ్ళీ మొదటి నుంచి వేయాల్సి వచ్చింది. ఈసారి కొత్తగా చేరిన మణిపురి పిల్లల ఇల్లు వచ్చి కూర్చుంది, తంజిలా ఇల్లు పోయింది. దాన్ని కూడా ఉంచాలని అనఘ పట్టుబట్టి, గుర్తున్నంత వరకు తనే వేసింది. మోర్జినాకు నైటీ మీద చొక్కా వేయడం మరిచిపోలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ కొత్త పుస్తకమే. ఒక ఏడు నిద్రపుచ్చే పాటలు, ఒక ఏడు ఇంట్లో తగిలే తిట్లు. తిట్ల పుస్తకాన్ని మాత్రం సార్ బీరువాలో పెట్టనివ్వలేదు.

చేచ్చి రిటైరై మూడేళ్ళవుతోంది. సాయంత్రాలు ఆమె ఇంటి అరుగు మీద ఫ్యాక్టరీ పిల్లలు మూగుతారు. పౌలీ గారు విసుక్కుంటూనే వాళ్ళకు అరటికాయ చిప్స్ పంచుతారు. మొన్న నేను వెళ్ళేసరికి చేచ్చి ఒడియా అక్షరాలతో కుస్తీ పడుతోంది. గుండ్రంగా సున్నా చుట్టి దానికి తోక తగిలించింది. గంజాం పిల్ల ఒకతె పలక లాక్కుని, "ఇట్లా కాదు టీచరే, ఎన్నిసార్లు చెప్పాలి!" అని కసిరింది.

"సరేలే తల్లీ, తిట్టకు. మళ్ళీ రాయి, చూస్తా" అంది చేచ్చి, కళ్ళద్దాలు సరిచేసుకుంటూ.